సెమీకోలన్ కొడితే వాక్యం రావాలి, సరే. ఏ వాక్యం?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. టెక్నికల్ రైటర్‌గా చేరి ఆరు నెలలైంది. ఇన్వర్టర్లు, యూపీఎస్‌ల మాన్యువల్స్ ఇంగ్లిష్‌లో రాస్తున్నారు, వాటి తెలుగు హెల్ప్ పేజీలు కూడా మీ నెత్తినే పడ్డాయి. రోజంతా అవే హెచ్చరికలు, అవే స్టెప్పులు కొట్టీ కొట్టీ విసుగొచ్చింది. టెక్స్ట్ ఎక్స్‌పాండర్ (చిన్న సంకేతం కొడితే దాని బదులు ముందే దాచిన పూర్తి వాక్యం తెచ్చే సాఫ్ట్‌వేర్) పెట్టుకోమని ఎవరో చెప్పారు. ఏది పెట్టుకోవాలి, ఎన్ని షార్ట్‌కట్లు చేసుకోవాలి, నిజంగా పని వేగం పెరుగుతుందా, తెలుగులో పనిచేస్తుందా, రేపు ఉద్యోగం మారితే అవి వెంట తీసుకెళ్లొచ్చా అని అడిగారు.

పదహారేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. వేగం సంగతి ముందు తేల్చేస్తాను, ఎందుకంటే ఇందులో అందరూ కోతలు కోస్తారు. ముప్పై పదాల వాక్యం ఒకటి ఉందనుకోండి. నిమిషానికి 40 పదాలు కొట్టేవారికి దానికి 45 సెకన్లు పడుతుంది. షార్ట్‌కట్‌తో మూడు సెకన్లు. అలాంటివి రోజుకు పది పడితే మిగిలేది ఏడు నిమిషాలు. ఒక టీ తాగేంత. ఏడు నిమిషాల కోసమైతే ఇంత హడావిడి అక్కర్లేదు.

నాకు నిజంగా మిగిలింది వేరే. "ఇక్కడ 'లాగిన్' అనాలా 'సైన్ ఇన్' అనాలా, క్లిక్ చేయండి అనాలా ఎంచుకోండి అనాలా, పోయినసారి ఏమని రాశాం" అని పాత ఫైళ్లు తెరిచి వెతుక్కునే పని పోయింది. ఒకసారి తేల్చుకున్న మాట మళ్లీ తేల్చుకోనక్కర్లేదు. రివ్యూలో కూడా ఆ వాక్యం మీద ఎవరూ గీత పెట్టరు, ఎందుకంటే అది పోయిన ఏడాదే పాసైన వాక్యం. ఇప్పుడు ఏఐ టూల్స్ వాక్యాలు రాసిపెడుతున్నాయి కదా అని మీరు అడగొచ్చు. రాస్తాయి, కానీ ప్రతిసారీ కొంచెం తేడాగా రాస్తాయి. కథకైతే అది అందం. బ్యాటరీ విప్పే స్టెప్పు మాత్రం నాలుగు పేజీల్లో నాలుగు రకాలుగా ఉంటే, చదివే మెకానిక్ "ఇవి వేర్వేరు పనులేమో" అనుకుంటాడు.

మా పెదనాన్న రిజిస్ట్రార్ ఆఫీసు ముందు బల్ల వేసుకుని దస్తావేజులు రాసేవారు. "నాకు గానీ నా వారసులకు గానీ ఇకమీదట ఎట్టి హక్కూ లేదు" లాంటి వాక్యాలు ఆయన చేతికి చూడకుండా వచ్చేవి. కలం ఆగేది ఒక్కచోటే, హద్దుల దగ్గర. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం అని నాలుగు మాటలు రాసి, పక్కన ఖాళీ వదిలి, ఎదురుగా కూర్చున్న మనిషిని అడిగి నింపేవారు. అదే పొలం పాత దస్తావేజు చేతిలో ఉన్నా సరే, అందులోంచి హద్దులు దించేవారు కాదు. "పక్క చేను ఈలోపు అమ్ముడుపోయి ఉంటే?" అనేవారు. ఎక్స్‌పాండర్ గురించి నేను నేర్చుకున్నదంతా ఆ బల్ల దగ్గర ఉంది. మారని మాట యంత్రానికి ఇవ్వాలి. మారే మాట దగ్గర ఖాళీ వదలాలి, ఆ ఖాళీ మనల్ని ఆపాలి.

మీ ఇన్వర్టర్ హెచ్చరికనే తీసుకోండి. చాలామంది చేసే పని ఏంటంటే, పాత మాన్యువల్‌లోని పూర్తి హెచ్చరికను ఒక షార్ట్‌కట్‌గా పెట్టేసుకుంటారు. కరెంటు ఉన్న ప్రతిచోటా అదే హెచ్చరిక వచ్చి పడుతుంది. పదిసార్లు చూశాక చదివేవాడి కన్ను దాన్ని దాటేస్తుంది. నేను దాన్ని ఫారంగా పెట్టుకున్నాను. ట్రిగ్గర్ (షార్ట్‌కట్‌గా కొట్టే ఆ చిన్న మాట) కొట్టగానే ఒక చిన్న పెట్టె తెరుచుకుని నాలుగు అడుగుతుంది. మొదటిది స్థాయి, జాబితాలోంచి ఎంచుకోవాలి. అమెరికా ప్రమాణం ఏఎన్ఎస్ఐ జడ్535 ప్రకారం ఇవి నాలుగు: తప్పించుకోకపోతే చావో తీవ్రమైన గాయమో ఖాయమైతే డేంజర్, అవి జరిగే అవకాశం ఉంటే వార్నింగ్, చిన్నాచితకా గాయమయ్యే వీలుంటే కాషన్, మనిషికి కాక వస్తువుకు నష్టమైతే నోటీస్. రెండోది, ప్రమాదం ఏమిటి. మూడోది, పట్టించుకోకపోతే ఏమవుతుంది. నాలుగోది, ఎలా తప్పించుకోవాలి. నింపితే వచ్చేది ఇలా ఉంటుంది:

"హెచ్చరిక: విద్యుదాఘాతం. మెయిన్ స్విచ్ ఆపిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. ముట్టుకుంటే ప్రాణం పోయే అవకాశం ఉంది. మూత తీసే ముందు స్విచ్ ఆపి 5 నిమిషాలు ఆగండి."

ఆ 5 నిమిషాలు అన్న అంకె ఫారంలో ముందే నింపి ఉండదు. మోడల్ మారితే కెపాసిటర్ మారుతుంది, ఆగాల్సిన సమయం మారుతుంది. అది ఖాళీగా ఉండబట్టే నేను లేచి ఇంజనీరు దగ్గరికి వెళ్లి అడుగుతాను. స్థాయి ఎంచుకునే చోట కూడా ముందే ఏదీ ఎంచి పెట్టలేదు. పెడితే చెయ్యి ఎంటర్ నొక్కేస్తుంది.

ఇక ఎన్ని అన్నారు. ఇంటర్నెట్లో దొరికే "రైటర్లకు 200 స్నిపెట్లు" (షార్ట్‌కట్‌లో దాచుకునే వాక్యాలను అలా అంటారు) లాంటి కట్టలు దించుకోకండి. పరాయివాళ్ల స్నిపెట్లు పరాయివాళ్ల బట్టల్లాంటివి, ఒక్కటీ మనకు సరిపోదు. ఒక వారం కీబోర్డు పక్కన చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. "ఇది ఇందాక కొట్టాను కదా" అనిపించిన ప్రతిసారీ ఆ వాక్యం రాసి పక్కన ఒక గీత. మళ్లీ కొడితే ఇంకో గీత. శుక్రవారం సాయంత్రానికి ఐదు గీతలు దాటినవే స్నిపెట్లు చేయండి. నాకు మొదటి వారంలో అలా తేలినవి పదకొండు. అందులో హెచ్చరిక, తేదీ, మూడు రకాల పట్టికల చట్రాలు, "సెట్టింగ్స్ తెరిచి, ఫలానాది ఎంచుకుని, సేవ్ నొక్కండి" అనే స్టెప్పు, రివ్యూ పంపేటప్పుడు రాసే మెయిలు ఉన్నాయి. ఇప్పటికీ నా దగ్గర డెబ్బై దాటలేదు. మూడు నెలలకొకసారి జాబితా చూసి, ముట్టుకోనివి తీసేస్తాను.

నోటుబుక్కులో పడవు గానీ అందరికీ పెట్టుకోమని చెప్పేవి ఒక రకం ఉన్నాయి: ఉదాహరణ విలువలు. నెట్‌వర్క్ సెట్టింగ్ రాసేటప్పుడు తోచిన ఐపీ అడ్రసు కొట్టేస్తాం. అది ఎవరిదో నిజమైన అడ్రసు కావచ్చు. పత్రాల్లో రాయడానికని విడిగా కేటాయించినవి మూడు వరుసలు ఉన్నాయి: 192.0.2తో మొదలయ్యేవి, 198.51.100తో మొదలయ్యేవి, 203.0.113తో మొదలయ్యేవి. ఆర్ఎఫ్‌సీ 5737 అనే ఇంటర్నెట్ నియమాల పత్రంలో ఉంటాయి. అలాగే వెబ్‌సైటు పేరు కావాలంటే ఎగ్జాంపుల్ డాట్ కామ్. దాన్ని ఇలాంటి వాడకానికే 1999లో ఆర్ఎఫ్‌సీ 2606 ద్వారా పక్కన పెట్టారు. ఇవి ఎవరికీ గుర్తుండవు. అందుకే వాటికి ట్రిగ్గర్లు.

ట్రిగ్గర్ పేర్ల దగ్గర నేను తిన్న దెబ్బ చెప్పాలి. కొత్తలో ఆఫీసు చిరునామాకు ఏ, డి, డి, ఆర్ అనే నాలుగక్షరాలు పెట్టుకున్నాను, ముందు ఏ గుర్తూ లేకుండా. పదం మధ్యలో వచ్చినా విచ్చుకునేలా సెట్టింగ్ ఉంది, నేను చూసుకోలేదు. తర్వాత ఒక సాకెట్ ప్రోగ్రామింగ్ గైడు రాస్తున్నాను. సీ భాషలో ఐపీ అడ్రసును మార్చే ఫంక్షన్ ఒకటుంది, దాని పేరు సరిగ్గా ఆ నాలుగక్షరాలతోనే ముగుస్తుంది. రాత్రి పొద్దుపోయాక కొట్టిన కోడు, తిరిగి చూడకుండా రివ్యూకు పంపాను. మర్నాడు సీనియర్ ఇంజనీరు కామెంటు: "ఐపీ అడ్రసు అడిగితే మాదాపూర్, హైదరాబాద్ 500081 అని ఇచ్చారేంటండీ?" ఆ మాట మా టీములో రెండేళ్లు నడిచింది.

అప్పటినుంచి ప్రతి ట్రిగ్గర్‌కూ ముందు సెమీకోలన్. మామూలు రాతలో సెమీకోలన్ తర్వాత ఖాళీ వస్తుంది, దానికి అంటుకుని అక్షరం రాదు కాబట్టి పొరపాటున విచ్చుకోదు. ఇక్కడ ట్రిగ్గర్లు తెలుగులో రాస్తున్నాను, మీరు ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టుకోండి: ;హెచ్చ, ;తేదీ, ;ఐపీ1 ఇలా. కోడు ఎక్కువ కొట్టేవారికి సెమీకోలన్ కూడా అక్కడక్కడా తగులుతుంది, వాళ్లు రెండు కామాలు పెట్టుకుంటే మంచిది. ఇంకొకటి, ఒక ట్రిగ్గర్ ఇంకో ట్రిగ్గర్‌కు మొదటి భాగం కాకూడదు. ;ఐపీ అని ఒకటి, ;ఐపీ6 అని ఒకటి పెడితే రెండోదాన్ని మీరు ఎప్పటికీ చేరలేరు. 6 కొట్టేలోపే మొదటిది విచ్చుకుంటుంది.

సాఫ్ట్‌వేర్ ఏదైనా ఫరవాలేదు, దాని మీద వారం పోగొట్టుకోకండి. నేను వాడేది ఎస్పాన్సో. ఉచితం, ఓపెన్ సోర్స్, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. స్నిపెట్లన్నీ మామూలు టెక్స్ట్ ఫైలులో ఉంటాయి కాబట్టి గిట్‌లో (ఫైళ్ల పాత రూపాలన్నీ దాచిపెట్టే సాఫ్ట్‌వేర్) పెట్టుకోవచ్చు. ఒక వరుసలో ట్రిగ్గర్, కింది వరుసలో దాని బదులు రావాల్సిన మాట, అంతే. ఆ ఫైలు యామల్ పద్ధతిలో ఉంటుంది. వరుసలు లోపలికి జరపడానికి ట్యాబ్ కొట్టారో పనిచేయదు, స్పేసులే కొట్టాలి. మొదటి రోజు అందరూ ఇక్కడే తంటాలు పడతారు. నేను చెప్పిన ఫారం పెట్టె, ఈరోజు తేదీ, వాక్యం వచ్చాక కర్సర్ ఎక్కడ నిలవాలన్నది, అన్నీ ఇందులో ఉన్నాయి. ట్రిగ్గర్ మర్చిపోతే ఆల్ట్, స్పేస్ కలిపి నొక్కితే వెతుక్కునే పెట్టె వస్తుంది.

విండోస్ ఒక్కటే వాడేవారికి ఆటోహాట్‌కీ ఉంది, 2003 నుంచీ ఉన్నది. అందులో చేయలేనిది లేదు, కానీ అది ఒక ప్రోగ్రామింగ్ భాష. సరదాపడి మొదలుపెడితే మాన్యువల్ పక్కనపడి స్క్రిప్టులు రాస్తూ కూర్చుంటారు (నేను కూర్చున్నాను). మ్యాక్‌లోనైతే కీబోర్డు సెట్టింగ్స్‌లో టెక్స్ట్ రీప్లేస్‌మెంట్స్ అని ముందే ఉంది. చిన్న మాటలకు చాలు, ఖాళీలు నింపే ఫారాలకు చాలదు. టెక్స్ట్‌ఎక్స్‌పాండర్ అనే పేరుతోనే ఉన్న సాఫ్ట్‌వేర్ టీము మొత్తం ఒకే జాబితా పంచుకోవడానికి బాగుంటుంది, 2016 నుంచి చందా పద్ధతి. కంపెనీ కడితే తీసుకోండి. వర్డ్‌లోనే రాస్తూ, ఏదీ ఇన్‌స్టాల్ చేయనివ్వని ఆఫీసైతే, వాక్యం సెలెక్ట్ చేసి ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి పేరు పెట్టండి. తర్వాత ఆ పేరు కొట్టి ఎఫ్3 నొక్కితే వాక్యం వస్తుంది. ఈ సంగతి వర్డ్ పదేళ్లు వాడినవారికి కూడా చాలామందికి తెలియదు. వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో రాసేవారికి దాని సొంత స్నిపెట్లు ఉన్నాయి, ట్యాబ్ కొడుతూ ఒక ఖాళీలోంచి ఇంకో ఖాళీకి పోవచ్చు.

ఇప్పుడు అసలు ప్రమాదం. పాత కంపెనీలో కస్టమర్ కేర్ ఫోన్ నంబరు ఉన్న వాక్యాన్ని నేను స్నిపెట్‌గా పెట్టుకున్నాను. చాలా సుఖంగా ఉండేది. రెండేళ్ల తర్వాత నంబరు మారింది. స్నిపెట్‌లో మార్చాను, నిమిషం పట్టలేదు, నా పని అయిపోయిందనుకున్నాను. అయితే అప్పటికే 23 మాన్యువల్స్‌లో పాత నంబరు దిగిపోయి ఉంది. స్నిపెట్ ఒకసారి విచ్చుకున్నాక దానికీ ఆ పత్రానికీ ఇక సంబంధం ఉండదు. విత్తనం మారిస్తే ఎదిగిన చెట్టు మారదు. కొన్నాళ్లకు ఆ పాత నంబరు ఎవరో గృహస్థుకు కేటాయించారు. ఆయన పాపం రాత్రి పదింటికి కూడా "మా ఇన్వర్టర్ కూత పెడుతోంది" అనే ఫోన్లు ఎత్తి ఎత్తి, చివరికి తానే మా ఆఫీసును వెతికి పట్టుకుని ఫోన్ చేశారు. తిట్టలేదు. "బీప్ వస్తే బ్యాటరీలో నీళ్లు చూసుకోమని చెప్తున్నానండీ, సరేనా?" అని అడిగారు.

కాబట్టి స్నిపెట్ చేసేముందు ఒక్కటి ఆలోచించండి: ఇది రేపు మారితే, ఇప్పటికే రాసిన చోట్ల కూడా మారాలా? మారాలంటే అది ఎక్స్‌పాండర్‌లో ఉండాల్సింది కాదు. ఫోన్ నంబర్లు, వెర్షన్ అంకెలు, ప్రొడక్టు పేర్లు, వారంటీ గడువులు, ధరలు ఈ కోవలోవి. వీటికి పత్రంలోనే ఏర్పాట్లున్నాయి, మాన్యువల్ రాసే పద్ధతిని బట్టి పేర్లు వేరు. ఆస్కీడాక్‌లో ఆట్రిబ్యూట్లు, డీటాలో కాన్‌రెఫ్, కీరెఫ్, స్ఫింక్స్‌లో సబ్‌స్టిట్యూషన్లు, వర్డ్‌లో డాక్యుమెంట్ ప్రాపర్టీ ఫీల్డులు. విలువ ఒక్కచోట ఉంటుంది, మిగతా అన్నిచోట్లా దాని పేరు ఉంటుంది. అయితే ఆ పేర్లు పొడుగ్గా, బ్రాకెట్లతో, గుర్తుపెట్టుకోలేనట్టు ఉంటాయి కదా. ఎక్స్‌పాండర్‌కు అప్పగించాల్సింది వాటిని. నా దగ్గర ఇప్పుడు ;ఫోన్ కొడితే నంబరు రాదు, నంబరు పేరు వస్తుంది.

తెలుగు పేజీల విషయం కొంచెం వివరంగా చెబుతాను, దీని మీద ఎవరూ రాయరు. మీ హెల్ప్ పేజీలు తెరిచి 'ఇన్వర్టర్' అని వెతకండి. ఇన్వర్టర్, ఇన్వర్టరు, ఇన్వెర్టర్ మూడూ దొరుకుతాయని పందెం. ఇంగ్లిష్ మాటల్ని తెలుగులో రాసేటప్పుడు ప్రతివాడి చెవి ఒక్కో రకం. తెలుగులో స్నిపెట్లు నాకు అక్కరకొచ్చింది పొడుగు వాక్యాలకు కాదు, ఈ ఒంటి మాటల వర్తని (స్పెల్లింగు) ఒక దారికి తేవడానికి.

ఇక్కడ రెండు చిక్కులు. మన విభక్తులు పదానికి అంటుకుంటాయి: యూపీఎస్‌కు, యూపీఎస్‌లో, యూపీఎస్‌ని. ఇంగ్లిష్ కోసం చేసిన ఎక్స్‌పాండర్లలో కొన్ని, స్పేస్ కొట్టాకే విచ్చుకుంటాయి. అంటే 'లో' అంటించాలంటే వెనక్కి వచ్చి స్పేస్ చెరపాలి. అందుకని తెలుగు మాటలకు వెంటనే విచ్చుకునే పద్ధతే పెట్టుకోండి. ఎస్పాన్సోలో మామూలుగా అంతే. ఆటోహాట్‌కీలో మొదటి రెండు కోలన్ల మధ్య నక్షత్రం గుర్తు పెట్టాలి.

రెండోది, యూపీఎస్ తర్వాత నేరుగా 'కు' కొడితే స కింద క ఒత్తు పడి 'యూపీఎస్కు' అవుతుంది. అది పడకుండా మధ్యలో కనిపించని అక్షరం ఒకటి ఉండాలి, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. చాలా కీబోర్డుల్లో దాన్ని కొట్టడం ఒక యాతన. నా దగ్గర అలాంటి మాటలకు రెండేసి స్నిపెట్లు ఉన్నాయి. ;యూ1 ఒట్టి మాట. ;యూ2 చివర ఆ కనిపించని అక్షరంతో, విభక్తి అంటించడానికి సిద్ధంగా. ఒక్కటే పెట్టుకుని అన్నిచోట్లా రెండోదే వాడేస్తే, విభక్తి లేనిచోట కూడా ఆ అక్షరం మిగిలిపోయి, కొన్ని ఎడిటర్లలో వెతికితే మాట దొరకదు.

మీరు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద కొట్టేవారైతే సెమీకోలన్ సలహా మర్చిపోండి. అందులో ఆ కీ నొక్కితే 'చ' వస్తుంది. రెండు కామాలు, ఆపైన అంకె పెట్టుకోండి. ఫొనెటిక్ కీబోర్డుతో నా అనుభవం ఏంటంటే, తెలుగు ఆన్‌లో ఉండగా ట్రిగ్గర్ ఒకసారి పట్టేది, ఒకసారి పట్టేది కాదు. ఇంగ్లిష్‌కు మార్చి కొడితే బాధ లేదు. అలాగే ఎక్స్‌పాండర్ ఒక్కో అక్షరం కొట్టినట్టు పంపితే ఒత్తులు చెదరడం చూశాను. క్లిప్‌బోర్డు ద్వారా అతికించే పద్ధతికి మార్చాక మళ్లీ రాలేదు.

ఇన్‌స్టాల్ చేసేముందు ఐటీ వాళ్లను అడగండి. ఈ సాఫ్ట్‌వేర్ పనిచేయాలంటే మీరు నొక్కే ప్రతి కీనీ గమనించాలి, లేకపోతే ట్రిగ్గర్ ఎలా తెలుస్తుంది? కొన్ని ఆఫీసుల్లో సెక్యూరిటీ వాళ్లు దీన్ని కీలాగర్ (నొక్కిన కీలన్నీ దొంగచాటుగా రాసుకునే ప్రోగ్రామ్) జాతిగానే చూస్తారు, వాళ్ల తప్పు లేదు. పాస్‌వర్డులు స్నిపెట్లుగా పెట్టుకోకండి. ఎస్పాన్సో ఫైలు తెరిస్తే అన్నీ మామూలు అక్షరాల్లోనే కనిపిస్తాయి.

ఉద్యోగం మారితే తీసుకెళ్లొచ్చా అన్నారు. హెచ్చరికల మాటలు, ప్రొడక్టు వివరణలు, లీగల్ వాక్యాలు కంపెనీవి, అవి అక్కడే వదిలేయండి. నేను మొదటి రోజు నుంచీ రెండు ఫైళ్లు వేరువేరుగా పెట్టుకుంటాను. ఒకదానిలో కంపెనీ మాటలు. రెండోదానిలో తేదీ, ఉదాహరణ ఐపీలు, ఖాళీ పట్టికలు, నాలుగు ఖాళీలున్న ఆ హెచ్చరిక ఫారం, తెలుగు వర్తనలు. కంపెనీ వదిలిన రోజు మొదటి ఫైలు నా తర్వాత వచ్చినమ్మాయికి ఇచ్చి, ఏది ఎందుకుందో ఒక గంట కూర్చుని చెప్పి, నా మెషీన్‌లోంచి తీసేశాను. రెండోది ఇప్పటికీ నాతోనే ఉంది, మూడో ఉద్యోగంలో.